తిరగని కెమెరా

విన్నిపెగ్ నగరంలో, సెయింట్ బోనిఫేస్ పేటలో బేకరీ పైన ఉన్న ఆ రెండు గదుల డిటెక్టివ్ ఆఫీసుకు మెట్లు నిటారుగా ఉంటాయి. ఎక్కేవాళ్ళ అడుగుల చప్పుడు వింటే చాలు, వాళ్ళ కష్టం ఎంతటిదో తెలిసిపోతుందని ఒడెట్ లావాలే అంటుంది. ఆ శుక్రవారం పొద్దున ఎక్కుతున్నామె సగంలో ఆగింది, రెండు మెట్లు దిగింది, మళ్ళీ దబదబా ఎక్కింది.

“భయపడుతోంది. కానీ తప్పు చేసి కాదు,” అంది ఒడెట్, సూప్ గిన్నె మీద మూత పెడుతూ.

“అదెలా తెలిసింది మేడమ్?” అన్నాడు అసిస్టెంట్ గిల్బర్ట్ మకాస్పాక్.

“తప్పు చేసినవాళ్ళు చప్పుడు కాకుండా ఎక్కుతారు అబ్బాయ్.”

గిల్బర్ట్‌కి ఒడెట్ ఏమన్నా వేదవాక్కే. నిజానికి ఆమె చెప్పే సూత్రాల్లో సగం అప్పటికప్పుడు నోట్లో పుట్టేవే. ఆ సంగతి అతనికి తప్ప విన్నిపెగ్ అంతటికీ తెలుసు. అయితే మిగతా సగం ఉంది చూశారూ, దానికి పోలీసులు కూడా భయపడేవారు. ఇన్సూరెన్స్ కంపెనీలో పాతికేళ్ళు ప్రమాదాలను తవ్వి తవ్వి, ఏది ప్రమాదమో ఏది కాదో వాసనతో పట్టే ముక్కు ఆమెకు వచ్చేసింది.

లోపలికి వచ్చినామె యాభై దాటిన మనిషి. స్కూలు బస్సు డ్రైవర్లు వేసుకునే కోటు వేసుకుంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“నా పేరు థోరా ఐనార్సన్. నన్ను రేపోమాపో అరెస్టు చేస్తారు. చేస్తే చెయ్యనివ్వండి. నేనొచ్చింది దానికోసం కాదు.”

“మరి దేనికి?”

“తీత కళ్ళు తెరిచాక నన్ను చూసి భయపడకూడదు. నేను తోశానని ఆమె అనుకోకూడదు. అది చాలు నాకు.”

తీత అంటే కోరసోన్ బునాగ్. పిన్నినో అత్తనో పిలిచినట్టు ఫిలిపీన్స్ వాళ్ళు తీత అంటారు. ఆ పిలుపు విని తక్కినవాళ్ళు కూడా ఆమెను అలాగే పిలవడం మొదలుపెట్టారు. గిల్బర్ట్‌కి ఆమె తెలుసు, చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆమే. విమానాశ్రయం కంచె దగ్గర ఎవరో ముసలావిడ నిచ్చెన మీంచి పడిందని విన్నాడు గానీ, ఆ ముసలావిడ తీత అని అప్పుడే తెలిసింది. మొహం వాడిపోయింది అతనికి.

“మెల్లగా మొదటినుంచీ చెప్పు,” అంది ఒడెట్.

థోరా చెప్పింది. కంచె దగ్గర నలుగురు. తీత, థోరా, ఓస్టాప్ పెట్రిషిన్, నలభై ఏళ్ళుగా ఫొటోలు తీస్తున్న కార్నీ డ్రీడ్జర్. ఏళ్ళ తరబడి అక్కడే నిలబడి, దిగే విమానాలను ఫొటోలు తీస్తున్నారు. కంచె ఎత్తు కాబట్టి నాలుగు మడత నిచ్చెనలు దానికే గొలుసులు వేసి కట్టుకున్నారు. బుధవారం పొద్దున పాత నాలుగింజన్ల సరుకు విమానం ఒకటి దిగుతోంది. నలుగురూ కెమెరాలు ఎత్తారు. విమానం ఎదురుగా వచ్చిందో లేదో తీత నిచ్చెన మీంచి వెనక్కి పడింది. కంచె స్తంభం కింద కాంక్రీటు దిమ్మకు తల తగిలింది. ఇప్పటికీ స్పృహ లేదు.

“పక్క నిచ్చెన మీద నేనే ఉన్నా. చప్పుడు విని పట్టుకోబోయా. కోటు చేతికి దొరికింది, జారిపోయింది. కార్నీ తిరిగి చూసేసరికి నా చెయ్యి ఆమె వీపు మీద ఉందట. పోలీసులకు అదే చెప్పాడు. అబద్ధం కాదు, చెయ్యి అక్కడే ఉంది.”

“పట్టుకోవడానికీ తోయడానికీ తేడా తెలీదా పోలీసులకి?” అన్నాడు గిల్బర్ట్ ఉండబట్టలేక.

“ముందురోజు మేం కొట్టుకున్నంత పని చేశాం బాబూ. నా ఫొటోలు మసకబారుతున్నాయంది తీత. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగేదానివి, పోయి కళ్ళు చూపించుకో అంది. అందరి ముందూ! నాకు ఒళ్ళు మండింది. నా నోటికాడ కూడు లాక్కుంటావా, ఇంకోసారి ఆ మాటంటే నీ అంతు చూస్తా అన్నా.”

“ఆమె అన్నది నిజమేనా?”

థోరా కిటికీ వైపు తిరిగింది. “అయ్యుండొచ్చు,” అంది.

ఒడెట్ లేచి కోటు తొడుక్కుంది. సూప్ మళ్ళీ వేడి చేసుకోవచ్చు. తన ఉద్యోగానికి ముప్పు తెచ్చే నిజాన్ని అడగ్గానే ఒప్పుకునే మనిషి చాలా అరుదని ఆమెకు తెలుసు.

* * *

కంచె దగ్గర గాలి చెవులు కోసేస్తోంది. మూడు నిచ్చెనలే ఉన్నాయి. ఎడమ చివరిదాన్ని పోలీసులు తీసుకుపోయారు. దాని గొలుసు మాత్రం కంచెకు వేలాడుతోంది.

ఓస్టాప్ పెట్రిషిన్ అక్కడే ఉన్నాడు. తాటిచెట్టంత మనిషి. నిచ్చెన ఎక్కకపోయినా తల దాదాపు కంచె మీదికి వస్తుంది. థోరాను చూడగానే దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

“నువ్వు తోశావంటే నేను నమ్మను. తోసేదానివైతే ముందు నన్నే తోసేదానివి.”

“చాల్లే నిట్టాడా, నిన్ను తొయ్యాలంటే క్రేను కావాలి,” అంది థోరా. బుధవారం తర్వాత మొదటిసారి నవ్వింది కాబోలు, నవ్వు సరిగా కుదరలేదు.

ఒడెట్ అతన్ని ఏమీ అడగకుండా చెయ్యి చాచింది. “ఆ కెమెరా ఇలా ఇవ్వు. మీరు చేసేదేంటో నేనూ చెయ్యాలి.”

ఓస్టాప్ నేర్పించాడు. విమానం ఎంత వేగంతో పోతుంటే కెమెరానూ అంతే వేగంతో దాని వెంట తిప్పాలి. తిప్పుతూనే మీట నొక్కాలి. కుదిరితే విమానం స్పష్టంగా నిలుస్తుంది, వెనకాల నేలా గడ్డీ గీతలు గీతలుగా సాగిపోతాయి. చూసేవాడికి వేగం కళ్ళకు కడుతుంది. దీన్నే ప్యానింగ్ అంటారు.

చిన్న విమానం ఒకటి దిగింది. ఒడెట్ తిప్పింది, నొక్కింది. తెరమీద చూస్తే అవతలి గడ్డిపోచలు లెక్కపెట్టేలా ఉన్నాయి, విమానం మాత్రం చెరిపేసిన బొమ్మలా సాగిపోయి ఉంది.

“మీరు విమానాన్ని వదిలేసి గడ్డిని తీశారు!” అని పగలబడి నవ్వాడు ఓస్టాప్. “నొక్కే ముందే ఆగిపోయారు మేడమ్. కెమెరా ఆగితే నేల నిలబడుతుంది, విమానం సాగుతుంది. మా అందరికీ మొదటి నెల అదే జబ్బు. తర్వాత నిద్రలో లేపి తీయమన్నా ఆగం. నడుము దానంతటదే తిరుగుతుంది.”

“నలభై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకి?”

“కార్నీకా? ఆయన ఆగడం ఎవరూ చూళ్ళేదు. మాకందరికీ గురువు ఆయనే.”

ఒడెట్ నిచ్చెనల వైపు చూసింది. “ఎవరి నిచ్చెన వాళ్ళదేనా?”

“అబ్బే, అది గాలిని బట్టి,” అంది థోరా. “విమానం గాలికి ఎదురెళ్ళి దిగుతుందిగా. దక్షిణపు గాలైతే మా కుడివైపు నుంచి వస్తుంది, ఉత్తరపు గాలైతే ఎడమనుంచి. విమానం వచ్చే వైపు పొట్టివాళ్ళు నిలబడాలి, పొడుగువాళ్ళు వాళ్ళ తలల మీంచి చూస్తారు. అందరికంటే పొట్టి తీత, తర్వాత నేను, తర్వాత కార్నీ, చివర ఈ నిట్టాడు. గాలి తిరిగిందంటే వరస మొత్తం తిరగెయ్యాల్సిందే. కార్నీ పెట్టిన నియమం అది. కొత్తల్లో మేం మర్చిపోతే ఇంతెత్తున లేచేవాడు.”

“బుధవారం ఏ గాలి?”

“ముందురోజు రేడియోలో దక్షిణమన్నారు. పొద్దున మేమొచ్చి అలాగే నిలబడ్డాం కూడా. కాఫీ కప్పులు ఖాళీ కాకముందే చలిగాలి వచ్చిపడింది, ఉత్తరానికి తిరిగింది. సరే వరస మార్చుకుందాం అనుకుంటే ఆరోజు కార్నీయే వద్దన్నాడు. ఒక్క విమానానికి ఎందుకీ హడావిడి, ఎక్కడివాళ్ళు అక్కడ ఉండండి అన్నాడు. తీత ఊరుకుంటుందా! నువ్వు నేర్పినదాన్ని నువ్వే మర్చిపోతే ఎలా నాయనా అని నవ్వుకుంటూ పోయి ఎడమ చివరి నిచ్చెన ఎక్కేసింది.”

ఒడెట్ ఊలు టోపీని చెవుల మీదికి లాక్కుని, ఆ వేలాడే గొలుసు దగ్గరికి వెళ్ళి చూసింది. తర్వాత ఓస్టాప్‌తో, “నీకెవరైనా శత్రువులున్నారా?” అంది.

“నాకా? తీత కదా పడింది!”

“అడిగినదానికి చెప్పు.”

ఓస్టాప్ మొహంలో ఏదో మెదిలింది. “లేరు,” అన్నాడు. కానీ అది సగం మాటే అని గిల్బర్ట్‌కి కూడా తెలిసింది.

* * *

కార్నీ డ్రీడ్జర్ లైబ్రరీ హాల్లో దొరికాడు. ఆదివారం అక్కడ అతని ఫొటో ఆవిష్కరణ. గోడంత ఫొటో. అడవి మంటల మీద నీళ్ళు చల్లే పసుపుపచ్చ విమానం, వెనకాల అడవంతా పచ్చని గీతలై సాగిపోతోంది. పదేళ్ళుగా క్యాలెండర్ల మీదా బ్యాంకు గోడల మీదా చూసిన ఫొటోయే అయినా, ఆ సైజులో చూసేసరికి గిల్బర్ట్ నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

“అబ్బ! ఎంత నీటుగా ఉంది మేడమ్! ఇంజను ముందు తిరిగే ఆ ఫ్యాను రెక్కలు చూడండి, ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.”

“అవును,” అంది ఒడెట్.

కార్నీ డెబ్బై దగ్గర పడ్డ మనిషి. ఇస్త్రీ చొక్కా, శుభ్రంగా గీసిన గడ్డం. కళ్ళ కింద మాత్రం నిద్రలేని నీలం.

“పాపం తీత. అంత మంచి మనిషి ఇంకొకరు ఉండరు,” అన్నాడు. “థోరా చెడ్డదని నేననను. కోపం వస్తే చెయ్యి దాని మాట వినదు, అంతే.”

“మీరు చూశారా తోయడం?”

“చూడలేదమ్మా. అందరిలాగే నేనూ విమానం వెంటే ఉన్నాను. కన్ను కెమెరాలో ఉంటే లోకం మునిగినా మాకు తెలీదు. చప్పుడు విన్నాను, తిరిగాను, థోరా చెయ్యి చూశాను. చూసింది చెప్పడం నా బాధ్యత కదా.”

“బాధ్యతే. ఆ వరస మార్చుకునే నియమం మీదేనటగా?”

ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది జవాబు. “ఎప్పుడో పెట్టింది. ఇప్పుడెవరు పట్టించుకుంటున్నారు లెండి.”

బయటికి వచ్చాక గిల్బర్ట్ కారు తాళాలు తీస్తూ, “పెద్దమనిషి మేడమ్,” అన్నాడు.

“పెద్దమనిషే. నేల చూపులు చూస్తూ మాట్లాడాడు,” అంది ఒడెట్. “పోలీస్ స్టేషన్‌కి పోనీ.”

* * *

సార్జెంట్ మెక్‌ఐవర్‌కి ఒడెట్ అంటే పడదు, కానీ ఆమె మాట తీసెయ్యడు. గతంలో రెండుసార్లు తీసేసి నాలుక కరుచుకున్నాడు. నిచ్చెనను వెనక గదిలోంచి తెప్పించాడు.

“పాతది. పడ్డప్పుడు ఒక పక్క బోల్టు ఊడిపోయింది. అందులో విశేషమేముంది?” అన్నాడు.

మడత నిచ్చెన తెరుచుకుని నిలబడేది రెండు పక్కల ఉండే అడ్డకడ్డీల వల్ల. ఒక కడ్డీకి బోల్టు లేదు, రంధ్రం ఖాళీగా ఉంది. రెండోదానికి ఉంది. ఒడెట్ ఆ ఉన్నదాన్ని గోటితో గీకింది. వెండి రంగు పొరలా లేచింది. కింద ఇనుము లేదు, చెక్క ఉంది.

“చెక్క మేకు. పైన అల్యూమినియం రంగు వేశారు,” అంది. “ఎక్కి ఊరికే నిలబడితే ఆగుతుంది. నడుము తిప్పి ఊగితే విరుగుతుంది. విమానం వెంట తిరిగేవాళ్ళ కోసమే చేసిన పని ఇది సార్జెంట్. ఊడిపోయిన బోల్టు కూడా ఇలాంటిదే, ఆ గడ్డిలో ముక్కలై ఉంటుంది.”

మెక్‌ఐవర్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “అయినా థోరా తోసి ఉండొచ్చు.”

“ఆరోజు మీరు తీసుకున్న ఫొటోలు చూపించండి.”

పోలీసులు నలుగురి కెమెరాల్లోని ఫొటోలనూ ఆ పొద్దునే తమ కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నారు. తీతవి ఒకదాని వెంట ఒకటి తెరమీదికి వచ్చాయి. విమానం చక్కగా మధ్యలో ఉంది. చక్రాలు నేలను తాకాయి, వాటి వెనక బూడిదరంగు పొగ లేచింది. వెనకాల గీతలు గీసినట్టు అడ్డంగా, తిన్నగా ఉన్నాయి. తర్వాతి ఫొటోలో విమానం ఇంకా మధ్యలోనే ఉంది కానీ కొంచెం కిందికి జారింది. ఆ తర్వాతిదాంట్లో మరింత కిందికి. చివరిదాంట్లో అడుగున తోక మాత్రం ఉంది, మిగతాదంతా ఆకాశమే.

గిల్బర్ట్ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఆకాశం ఎలా వచ్చిందో అతనికి అర్థమైంది.

“చూడండి,” అంది ఒడెట్ మెత్తగా. “ఎవరైనా పక్కనుంచి తోస్తే కెమెరా పక్కకు కొట్టుకుపోతుంది, విమానం ఫ్రేములోంచి పక్కకు పోతుంది. ఇక్కడ ఎడమకీ కుడికీ వెంట్రుకవాసి కదల్లేదు. నిచ్చెన కాళ్ళ కింద మడుచుకుపోయి మనిషి వెనక్కి ఒరిగింది, కెమెరా పైకి లేచింది, అంతే. పడిపోతూ కూడా ఆ తల్లి విమానాన్ని వదల్లేదు.”

మెక్‌ఐవర్, “మరి ఎవరు?” అన్నాడు.

“కార్నీ ఫొటోలు పెట్టండి.”

మొదటివన్నీ మచ్చుతునకలే. చివరి ఒక్కటే తేడాగా ఉంది. గడ్డిపోచలు లెక్కపెట్టొచ్చు. విమానం చెరిపేసినట్టు సాగిపోయింది. చక్రాలు ఇంకా గాల్లోనే ఉన్నాయి, పొగ లేదు.

“మేడమ్! ఇది మీ ఫొటోలా ఉంది!” అన్నాడు గిల్బర్ట్.

ఒడెట్ అతని వీపు మీద ఒక్క చరుపు చరిచింది. ఆ చరుపు అతనికి జీతం కంటే ఎక్కువ.

“ఇంకొక్కటే మిగిలింది,” అంది ఆమె, ఫోను తీస్తూ. “ఓస్టాప్ మింగేసిన ఆ సగం మాట.”

* * *

శనివారం పొద్దున గాలి మళ్ళీ దక్షిణానికి తిరిగింది. కంచె దగ్గర థోరా, ఓస్టాప్, కార్నీ నిలబడ్డారు. మెక్‌ఐవర్ కారుకు ఆనుకుని కాఫీ తాగుతున్నాడు. ఎడమ చివరి నిచ్చెన మళ్ళీ తన చోటికి వచ్చి గొలుసుకు కట్టి ఉంది.

“పోలీసులు చూసేశారు,” అంది ఒడెట్ అందరికీ వినపడేలా. “ఒక పక్క ఊడిన బోల్టు బిగించారట. రెండో పక్క ఎలా ఉన్నది అలాగే ఉంది. మిమ్మల్ని పిలిచింది ఒక్కదానికే. ఇప్పుడు దిగే విమానాన్ని మీరెప్పుడూ తీసినట్టే తీయండి. ఈ గాలికి ఎవరెక్కడ నిలబడాలో అక్కడ నిలబడండి.”

ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. కాళ్ళకు అలవాటైన దారి. కుడి చివరి నిచ్చెన తీతది, అది ఖాళీగా ఉండిపోయింది. దాని పక్కది థోరా ఎక్కింది. తర్వాతిది కార్నీది. ఓస్టాప్ వాళ్ళందరినీ దాటి నడిచి ఎడమ చివరికి వచ్చాడు. ఆ నిచ్చెన ఎక్కాడు.

థోరాకు అప్పుడు తట్టింది. “అది... అది నీ చోటు,” అంది. “గాలి మారకపోయుంటే...”

“తీయండమ్మా, విమానం వస్తోంది,” అంది ఒడెట్.

ఉత్తరాన రెండు దీపాలు కనిపించాయి. శబ్దం పెరిగింది. మూడు కెమెరాలు లేచాయి, మూడు నడుములు తిరగడం మొదలైంది. ఒడెట్ విమానాన్ని చూడలేదు. మెక్‌ఐవర్ కాఫీ కప్పు కింద పెట్టేశాడు, అతనూ విమానాన్ని చూడలేదు. గిల్బర్ట్ అయితే దేవుణ్ణి తలుచుకుంటూ నిలబడ్డాడు.

థోరా తిరుగుతోంది. ఓస్టాప్ తిరుగుతున్నాడు, నిచ్చెన కిర్రుమంది. మధ్యలో ఉన్న కార్నీ కెమెరా ఆగిపోయింది. విమానం దాన్ని దాటుకుని పోయింది. కార్నీ మొహం కెమెరా వెనకనుంచి పక్కకు వచ్చి, ఓస్టాప్ కాళ్ళ కింది నిచ్చెననే చూస్తూ ఉండిపోయింది. నోరు మాత్రం తెరుచుకోలేదు.

చక్రాలు నేలను తాకాయి. ఓస్టాప్ నిచ్చెన కదల్లేదు.

“దిగు ఓస్టాప్,” అంది ఒడెట్. “రెండు పక్కలా ఉక్కు బోల్టులే, భయం లేదు. నిన్న నేనే దగ్గరుండి వేయించాను.” తర్వాత కార్నీ వైపు తిరిగింది. “మీరు మళ్ళీ ఆగిపోయారు డ్రీడ్జర్ గారూ.”

“ఏంటి? ఎండ... కళ్ళలో...”

“ఎండ మీ వీపు వెనక ఉంది. బుధవారం కూడా ఇలాగే ఆగారు. చక్రాలు నేలను తాకకముందే మీ కెమెరా నిలబడిపోయింది. తీత ఫొటోల్లో చక్రాల పొగ లేచాకే ఆమె పడటం మొదలైంది. అంటే ఆమె పడకముందే మీరు విమానాన్ని వదిలేశారు. చప్పుడు విని తిరిగానన్నారు. చప్పుడింకా పుట్టనేలేదు. జరగబోయేది తెలిసినవాడే ముందుగా ఆగుతాడు.”

“నేను తీతకు హాని చేస్తానా! ఆమె నాకు...”

“తీతకు చేయలేదు. ఓస్టాప్‌కు చేశారు. రేడియోలో దక్షిణపు గాలి అన్నారు కాబట్టి ఎడమ చివరి నిచ్చెనకు చెక్క మేకులు కొట్టారు. గాలి మీ మాట వినలేదు. వరస మార్చొద్దని చూశారు, మీ శిష్యులు మీ నియమాన్ని మీకంటే గట్టిగా పట్టుకున్నారు.”

“ఎందుకు చేస్తాను? ఓస్టాప్ నా కొడుకు లాంటివాడు!”

ఓస్టాప్ తల దించుకున్నాడు. అంత పెద్ద మనిషీ ఆ క్షణాన చిన్నబోయాడు. “ఈవిడకి నేనే చెప్పాను పెద్దాయనా, నిన్న రాత్రి ఫోనులో. నీ పసుపుపచ్చ విమానం ఫొటోలో ఫ్యాను రెక్కలు నిలబడి ఉన్నాయి. అడవి అలా గీతలై సాగిపోవాలంటే కెమెరా కన్ను కాస్త ఎక్కువసేపు తెరుచుకుని ఉండాలి, అప్పుడు ఆ రెక్కలు కూడా గుండ్రంగా పొగలా కనపడాలి. రెప్పపాటులో తీసిన ఫొటోకి గీతలు తర్వాత కంప్యూటర్‌లో గీశావు. పదేళ్ళు చూశాం, ఎవరికీ తట్టలేదు. పోయిన వారం లైబ్రరీలో ఆ గోడంత సైజులో చూశాక నాకు తట్టింది.”

“ఆదివారం లోపు నువ్వే చెప్పుకో, లేకపోతే నేను లేచి చెప్తానని ఆయనతో అన్నావు,” అంది ఒడెట్.

“నలుగురిలో పరువు పోకుండా ఉంటుందని ముందు ఆయనకే చెప్పా. ఇంత పని చేస్తాడని కలలో కూడా అనుకోలేదు.”

కార్నీ నిచ్చెన మెట్టు మీద కూలబడిపోయాడు. కెమెరా మెడలో వేలాడుతోంది. ఇస్త్రీ చొక్కా లోపల మనిషి ఒక్కసారిగా ముసలివాడైపోయాడు.

“చంపాలని కాదు,” అన్నాడు. “చెయ్యో కాలో విరిగి ఆదివారం దాకా మంచం మీదుంటే చాలనుకున్నా. ఆ ఒక్కటే... ఆ ఒక్క ఫొటోయే నాది అని లోకానికి తెలిసింది. మిగతా నలభై ఏళ్ళలో తీసినవన్నీ నిజమైనవే. వాటినెవరూ చూళ్ళేదు.”

థోరా నిచ్చెన దిగి అతని ఎదుటికి వచ్చింది. ఆమె చేతులు పిడికిళ్ళు బిగుసుకుని ఉన్నాయి. మెక్‌ఐవర్ ఒక అడుగు ముందుకు వేశాడు. కానీ ఆమె చెయ్యి ఎత్తలేదు.

“ఆమె ఎక్కుతుంటే చూస్తూ నిలబడ్డావు,” అంది. “తీతా ఎక్కకు అంటే అయిపోయేది కదయ్యా. ఒక్క మాట. నోరు పడిపోయిందా నీకు?”

“అంటే... ఎందుకని అడుగుతారుగా,” అన్నాడు కార్నీ.

ఆ మాట విని గిల్బర్ట్ వెనక్కి జరిగాడు. హంతకులనూ దొంగలనూ ఒడెట్ వెనకాల నిలబడి చాలామందినే చూశాడు. ఇంత చిన్న కారణానికి ఇంత పెద్ద మౌనం పట్టినవాణ్ణి మాత్రం చూడలేదు. పైగా అతను బుధవారం ఒక్కరోజే కాదు, ఇప్పుడు ఓస్టాప్ కాళ్ళ కింద నిచ్చెన కిర్రుమన్నప్పుడు కూడా నోరు విప్పలేదు. కంచే చేను మేయడమంటే ఇదే.

మెక్‌ఐవర్ అతన్ని కారు దగ్గరికి నడిపించాడు. ఓస్టాప్ ఇంకా అతని వైపే చూస్తున్నాడు. “వెళ్ళి వాళ్ళ ఆవిడకి చెప్పాలి,” అన్నాడు మెల్లగా. “వేరేవాళ్ళ నోట వింటే తట్టుకోలేదు.”

* * *

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది, తీత కళ్ళు తెరిచిందని. థోరా, ఒడెట్, గిల్బర్ట్ వెళ్ళారు. గది దాకా వచ్చి థోరా ఆగిపోయింది.

“మీరు ముందు వెళ్ళి చెప్పండి,” అంది. “నేను తొయ్యలేదని చెప్పండి. ఆ తర్వాత నేనొస్తా.”

“నేను చెప్తే కేసు తేలినట్టు,” అంది ఒడెట్. “నువ్వు వెళ్తే వేరు.”

“భయపడితే?”

ఒడెట్ తలుపు తెరిచి పట్టుకుంది, అంతే.

లోపల తీత దిండ్లకు ఆనుకుని ఉంది. తల మీద కట్టు, కట్టు కిందనుంచి నెరిసిన జుట్టు చిక్కులుపడి భుజం మీదికి వేలాడుతోంది. తలుపు చప్పుడుకు కళ్ళు మెల్లగా ఇటు తిరిగాయి. గడప మీద నిలబడ్డ థోరాను చూశాయి. థోరా గోడ పట్టుకుంది.

“తీతా, నేను...” అంది.

“ఏంటే అక్కడే నిలబడ్డావు?” అంది తీత. గొంతు గాలిలా ఉంది. “ఈ నర్సులకు జడ వెయ్యడం రాదు. నాకు తెలివి లేనప్పుడు పీకేసినట్టున్నారు. ఆ దువ్వెన తీసుకుని ఇలా రా.”

థోరా మంచం దగ్గరికి వెళ్ళింది. దువ్వెన పట్టుకుంది. తీత కష్టపడి అటు పక్కకు ఒత్తిగిలి, కట్టుకట్టిన తలను థోరా చేతుల్లో పెట్టింది.

“మెల్లగా,” అంది కళ్ళు మూసుకుంటూ. “అక్కడ కుట్లున్నాయి.”